పాత బస్సుకు కొత్త రేకు కొట్టించే ముందు ఫ్రేము చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ తాతగారు ఎప్పుడో ఒక కాలేజీ వేలంలో కొన్న 1968 మోడల్ టాటా మెర్సిడెస్ బెంజ్ బస్సు శంకర్‌పల్లి దగ్గర తోటలో ఏళ్ల తరబడి నిలబడి ఉంది. ఇంజను మళ్లీ స్టార్ట్ చేయించారు. బాడీ టేకు ఫ్రేము మీద అల్యూమినియం రేకు. అడుగు భాగం పుచ్చింది, పక్కల రంగు పొంగింది. ఒక బాడీ షెడ్డు వాళ్లకు చూపిస్తే "మొత్తం పీకేసి ఇనప ట్యూబులతో కొత్త బాడీ కడదాం, అచ్చం పాతదానిలాగే ఉంటుంది" అన్నారు. అలా చేయించాలా, పాతదాన్నే బాగు చేయించాలా, మొదలు ఎక్కడ పెట్టాలి?

పాతదాన్నే బాగు చేయించండి. బాడీ మొత్తం ఒకేసారి విప్పనివ్వకండి. ఫ్రేము సంగతి తేలేదాకా రేకు మీద గానీ రంగు మీద గానీ రూపాయి ఖర్చు పెట్టకండి. ముందు నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో పట్టుకోవాలి, తర్వాత అడుగు, తర్వాత పిల్లర్లు (కిటికీల, తలుపుల పక్కన నిలువుగా ఉండే చెక్కలు) ఒక్కొక్కటిగా, ఆ తర్వాతే రేకు, అన్నిటికంటే ఆఖర్న రంగు. నేను బస్సు బాడీల షెడ్లలోనే పని నేర్చుకున్నవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా పాత బండ్లే చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే చెడిపోయిన రిపేర్లలో చాలా వరకు ఈ వరస తలకిందులు చేసినవే.

షెడ్డు వాళ్లు మిమ్మల్ని మోసం చేద్దామని అలా అన్నారనుకోను. వాళ్లకు ట్యూబు పని చేతికి అలవాటు, త్వరగా అవుతుంది, చెక్క పని తెలిసినవాళ్లు షెడ్లలో తగ్గిపోయారు. కానీ మీ చేతికొచ్చేది పాత చాసిస్ మీద కూర్చున్న కొత్త బస్సు. ఇంకో సంగతి. మన దగ్గర అప్పట్లో బస్సు చాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది. టాటావాళ్లు డైమ్లర్-బెంజ్‌తో 1954లో మొదలుపెట్టి 1969 దాకా కలిసి పనిచేశారు కదా, ఆ రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి ఇంజను, చాసిస్ వస్తే వాటి మీద బాడీని వేరే బాడీ బిల్డర్ కట్టేవాడు. కిటికీ ఎత్తు, పైకప్పు వంపు, తలుపు వెడల్పు అంతా ఆ మేస్త్రీ లెక్క. దానికి డ్రాయింగులు దొరకవు. మీ బస్సు బాడీయే దాని డ్రాయింగు. విప్పి కుప్ప పోశాక "పాతదానిలాగే" కట్టడానికి కొలత ఎక్కడుంటుంది? డ్రైవరు తలుపు దగ్గరో, లోపల ముందు తలుపు పైనో బాడీ బిల్డర్ పేరున్న చిన్న ప్లేటు ఉండే అవకాశం ఉంది. రంగు కింద దాగి ఉన్నా సరే వెతకండి. దొరికితే ఫొటో తీసి, విప్పి మీ ఇంట్లో పెట్టుకోండి, షెడ్డులో వదలకండి.

కొత్త ఫ్రేమే కట్టాల్సిన సందర్భం కూడా ఉంటుంది. కిటికీల పైన బస్సు పొడవునా వెళ్లే పట్టె (మేం క్యాంట్ రెయిల్ అంటాం) రెండు వైపులా మెత్తబడి, అడుగున క్రాస్ బేరర్లు (చాసిస్ మీద అడ్డంగా కూర్చుని అడుగును మోసే దూలాలు) కూడా చాలావరకు పోయి ఉంటే అప్పుడు రిపేరు పేరుతో కొత్తదే కట్టినట్టవుతుంది. అప్పుడు కూడా టేకుతోనే, పాత ముక్కలను అచ్చుగా పెట్టుకుని కట్టాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది అంత దూరం పోలేదు. పైకప్పు గీత తిన్నగానే ఉందన్నారు కాబట్టి పైపట్టె బతికే ఉంటుంది.

ముందు పొడిచి చూడండి. ఒక సన్నటి స్క్రూ డ్రైవరు, ఒక చిన్న సుత్తి చాలు. తలుపు పిల్లర్ల పాదాలు, వెనక చక్రాల ఆర్చ్‌ల పైన, వెనక సీటు కింద, బ్యాటరీ పెట్టె చుట్టూ, ప్రతి కిటికీ కింది మూల. ఇవి అన్నిటికంటే ముందు పోయే చోట్లు. లోపలి సన్‌మైకా, హార్డ్‌బోర్డు విప్పితే చెక్క కనిపిస్తుంది. చేవ ఉన్న టేకులో స్క్రూ డ్రైవరు అరంగుళం కూడా దిగదు. పుచ్చినదాంట్లో పిడి దాకా పోతుంది. సుత్తి పిడితో తట్టినప్పుడు ఖంగుమంటే బాగున్నట్టు, డొల్లగా మోగితే లోపల చెదలో పుచ్చో ఉన్నట్టు. పోయిన ప్రతి చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టి ఫొటో తీయండి. ఈ పని మీరే చేసుకోండి, ఎవరికీ అప్పజెప్పకండి. తర్వాత బేరం ఆడేటప్పుడు మీ చేతిలో ఉండే బలం అదే.

కొలతలు ఆ తర్వాత. చాసిస్‌ను సమంగా నిలబెట్టకుండా బాడీ కొలవకూడదు. టైర్లలో గాలి తగ్గి ఒక మూల కుంగి ఉంటే తలుపు గుమ్మం కూడా ఒరిగి కనిపిస్తుంది, మీరు లేని తప్పును సరిచేస్తారు. చాసిస్ పొడవు కమ్ముల కింద స్టాండ్లు పెట్టి, నీళ్ల పైపుతో లెవెల్ చూసుకోండి. బాడీ కింద జాకీ పెట్టనివ్వకండి. తర్వాత ప్రతి తలుపుకూ ప్రతి కిటికీకీ మూల నుంచి మూలకు అడ్డంగా రెండు కొలతలు తీయండి. రెండూ ఒకటే అయితే చట్రం మూలమట్టానికి సరిగ్గా ఉన్నట్టు. ఒకటి రెండు సూత్‌ల తేడా (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) పాత బాడీలో మామూలే. దాన్ని పట్టించుకోకండి. అరంగుళం దాటితేనే కారణం వెతకండి. ముందు నుంచి వెనక దాకా కిటికీ పట్టె వెంట దారం లాగితే పొట్ట ఎక్కడ వచ్చిందో చూడగానే తెలుస్తుంది.

విప్పడానికి ముందు తలుపు గుమ్మాలకు ఏటవాలుగా పట్టెలు బిగించాలి. ఇది చాలామంది వదిలేస్తారు. ఇలా వదిలేసిన ఒక స్కూలు బస్సు నా దగ్గరికి వచ్చింది. దాన్ని ముందు చేసిన షెడ్డులో ఒక వైపు పిల్లర్లన్నీ ఒకేసారి తీసి కొత్తవి వేశారు. ఆ వైపు పైకప్పు కిందికి జారింది, కొత్త పిల్లర్లను ఆ జారిన ఎత్తుకే కోసి అమర్చారు. బయటినుంచి చూస్తే బండి తళతళలాడుతోంది, లోపల ఏ కిటికీ అద్దమూ పూర్తిగా పైకి లేవదు. పైన పటారం, లోన లొటారం. దాన్ని సరిచేయాలంటే మళ్లీ రేకంతా విప్పాల్సి వచ్చింది. అందుకే ఒక పిల్లరు తీయాలి, దాని పని ముగించాలి, బిగించాలి, అప్పుడే పక్కదాని జోలికి పోవాలి.

ఇప్పుడు నీళ్ల సంగతి. బాడీ కింద పుచ్చితే కారణం దాదాపు ఎప్పుడూ పైనే ఉంటుంది. మీ బస్సుకు పైన సామాన్ల క్యారియర్, వెనక నిచ్చెన ఉన్నాయన్నారు. నా మొదటి అనుమానం ఆ క్యారియర్ కాళ్ల మీదే. ప్రతి కాలూ పైకప్పు రేకును తొలుచుకుని లోపలి కమానుకు బోల్టుతో బిగించి ఉంటుంది. కింద వేసిన రబ్బరు ఎండి పగిలిపోతుంది. అక్కడ దిగిన నీరు కమాను వంపు వెంట జారి, పైపట్టెలోంచి పిల్లరులోకి, పిల్లరు వెంట పాదంలోకి చేరుతుంది. తడి పైన, పుచ్చు కింద. ఒక ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సుకు పక్క రేకు మీద అదే చోట రంగు పొంగుతోందని ఓనరు మళ్లీ మళ్లీ పెయింట్ చేయించుకున్నాడు. ఆ రేకులో ఏ లోపమూ లేదు. దానికి నేరుగా పైన ఉన్న క్యారియర్ కాలు కింద వాషరు లేదు, అంతే.

రెండో అనుమానం కిటికీ అద్దం జారే ఛానెల్. దాంట్లో ఉండే ఫెల్టు నీళ్లు పీల్చి పట్టుకుంటుంది. అడుగున నీళ్లు పోవడానికి ఉండే రంధ్రాలు దుమ్ముతో మూసుకుపోతాయి. తీగతో పొడవండి, ఎంత మట్టి వస్తుందో చూడండి. మూడోది చక్రాల ఆర్చ్ వెనక స్కర్టు రేకు (పక్కల అన్నిటికంటే కింద ఉండే రేకు) లోపల పేరుకున్న బురద. ఎండాకాలంలో కూడా చెమ్మ పట్టుకుని ఉంటుంది.

అందుకని వానాకాలాన్ని తిట్టుకోకండి. రంగుకు అది పనికిరాదు గానీ లీకులు పట్టుకోవడానికి అంతకంటే మంచి రోజులు లేవు. లోపలి సీలింగు విప్పి, ఒక జోరువానలో టార్చి పట్టుకుని బస్సులో కూర్చోండి. పైపుతో నీళ్లు కొట్టి చూడాలంటే కింది నుంచి పైకి వరసగా కొట్టాలి. పైనుంచి మొదలుపెడితే అంతా తడిసి ఎక్కడ కారుతోందో తెలియదు.

చెక్క గురించి. పిల్లరు పాదం పుచ్చితే పిల్లరు మొత్తం పారేయక్కర్లేదు. పుచ్చు దాటి గట్టి చెక్క వచ్చేదాకా కోసి, కొత్త ముక్కను ఏటవాలు అతుకుతో కలపాలి. ఆ ఏటవాలు పొడవు చెక్క మందానికి కనీసం ఎనిమిది రెట్లు ఉండాలి, అంటే రెండంగుళాల పిల్లరుకు పదహారు అంగుళాలు. అడ్డంగా కోసి పక్కన ఇనప పట్టీ వేసి బోల్టులు బిగించే పని ఒప్పుకోకండి. బండి ఊగినప్పుడు బోల్టు రంధ్రాలు వెడల్పై అక్కడే విరుగుతుంది. మామూలు తెల్ల జిగురు వద్దు, నీటికి వదులుతుంది. ఎపాక్సీ వాడండి. కోసిన చివర్లకు ఎపాక్సీ పూత రెండుసార్లు పెట్టండి, ఎందుకంటే చెక్క నీళ్లు తాగేది చివర్ల నుంచే.

కొత్త టేకు కంటే పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చిన దూలాలు మేలు. బాగా ఆరి ఉంటాయి, చేవ ఎక్కువ, తర్వాత మెలి తిరగవు. హైదరాబాద్‌లో ముషీరాబాద్ టింబర్ డిపోల వైపు అడిగితే దొరుకుతాయి. మేకులు లేకుండా చూసి కొనండి, లేకపోతే రంపం మిల్లువాడు కోయనంటాడు. అంచున పాల చెక్క (బెరడు పక్కనుండే చేవలేని చెక్క) ఉన్న ముక్క ఎంత చవకైనా వద్దు. చెదలకు అదే మొదటి ముద్ద.

అల్యూమినియం రేకుకు వద్దాం. మీరు "రేకు తుప్పు పట్టి తెల్లగా పొడి రాలుతోంది" అని రాశారు. అది అల్యూమినియం ఇనుముకు తగిలి ఉన్న చోట తడి చేరితే వచ్చే తినుడు. రెండు వేరు లోహాలు, మధ్యలో తడి, అల్యూమినియం తినేయబడుతుంది. ఎప్పుడో ఎవరో రివిట్లు ఊడిన చోట ఇనప స్క్రూలు కొట్టి ఉంటారు, వాటి చుట్టూ చూడండి, పొడి గుండ్రంగా కనిపిస్తుంది. మందు ఏమిటంటే ఆ రెండూ తగలకుండా చేయడం. ఇనప బ్రాకెట్లకు ప్రైమరు పూసి, రేకుకూ ఇనుముకూ మధ్య సీలెంటు గానీ రబ్బరు పట్టీ గానీ పెట్టి, అల్యూమినియం రివిట్లే కొట్టాలి.

పాత రివిట్ తీసేటప్పుడు ఉలి పెట్టి తల నరకనివ్వకండి, రంధ్రం కోలగా సాగిపోతుంది. తల మధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి, రివిట్ కాడ ఎంత లావో అంతే డ్రిల్ బిట్‌తో తల దాకా మాత్రమే తొలిచి, మిగిలినదాన్ని సన్న పంచ్‌తో వెనక్కి తోయాలి. ఇలా తీసిన రేకు మళ్లీ అవే రంధ్రాల్లో కూర్చుంటుంది. ప్రతి రేకు వెనక "ఎడమ 3, కింద" అని మార్కరుతో రాసుకోండి.

సొట్టలు తీయడానికి ఒక కిటుకు చెబుతాను. పాత అల్యూమినియం దెబ్బలు తిని గట్టిపడి ఉంటుంది, నేరుగా సుత్తి వేస్తే చీలుతుంది. దాన్ని మెత్తబరచాలి. చిక్కేమిటంటే అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. అందుకని రేకును విప్పి, సొట్ట మీద మామూలు బట్టల సబ్బు గీతలుగా రుద్దండి. వెనక నుంచి మెత్తటి మంటను ఒకే చోట ఆపకుండా ఆడిస్తూ ఉంటే సబ్బు గీత ముందు పసుపు, తర్వాత ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. నల్లబడబోతుండగా మంట తీసేయండి. చల్లారాక రేకు చేతికి వంగేంత మెత్తగా అవుతుంది. అప్పుడు వెనక డాలీ (రేకు వెనక ఆనించే దిమ్మ) పెట్టి కొయ్య సుత్తితో అంచుల నుంచి మధ్యకు నెమ్మదిగా. మా ఉస్తాద్ ఇనప సుత్తిని అల్యూమినియం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఈ పని ముందు పారేసే ముక్క మీద చేసి చూసుకోవాలి.

పూర్తిగా తినేసిన రేకులు మాత్రం మార్చాల్సిందే. పాత రేకు పాడవని అంచును కాలిపర్‌తో కొలిచి అంతే మందం తెచ్చుకోండి. పలచటిది చవక అని వేస్తే ఎండకు అలలు అలలుగా కనిపిస్తుంది. తీసిన పాత రేకును కొత్తదానికి అచ్చుగా వాడేదాకా స్క్రాప్‌కు వేయకండి.

చెక్క ఫ్రేము మీద వెల్డింగ్ అంటే నాకు ఇప్పటికీ టెన్షనే. ముందు భాగంలో ఇనప రేకులు ఉంటే, అక్కడ వెల్డింగ్ తప్పనిసరైతే రేకు విప్పి బయట పెట్టి చేయించండి. వీల్లేకపోతే తడిగుడ్డలు, నీళ్ల బకెట్, మంటలార్పే సిలిండరు పక్కనే ఉండాలి. పని అయ్యాక కూడా ఒక మనిషి కొన్ని గంటలు అక్కడే ఉండాలి. పొట్టు, దుమ్ము నిండిన సందులో నిప్పురవ్వ పొగ కనిపించకుండా రాజుకుంటూ, షెడ్డు మూసేశాక మంటవుతుంది. చాసిస్ కమ్ములకు మాత్రం ఏ బ్రాకెట్టూ వెల్డ్ చేయనివ్వకండి, కమ్మి పై అంచులో కింది అంచులో రంధ్రాలు వేయనివ్వకండి. బాడీ చాసిస్‌కు పట్టుకునేది యూ బోల్టులతో, మధ్య ప్యాకింగ్‌తో.

అడుగుకు మెరైన్ ప్లైవుడ్ (ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోండి), అంచులకు పూత, పైన గళ్ల అల్యూమినియం షీటు. అద్దాలు తీసేటప్పుడు రబ్బరును కోసేయండి, అద్దాన్ని ఎత్తి లాగొద్దు. ముందు అద్దం రెండు చదును ముక్కలుగా ఉంటే అదృష్టమే, లామినేటెడ్ అద్దం ఊళ్లోనే కోయించుకోవచ్చు. వంపు అద్దమైతే ప్రాణంలా కాపాడుకోండి. రబ్బరు బీడింగులు, బోల్టులు రాణీగంజ్‌లో, పాత లైట్లు, హారన్లు, తలుపు పిడులు జుమ్మెరాత్ బజార్‌లో ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి.

రంగు దగ్గరికి వచ్చేసరికి అందరికీ తొందర. పాత రంగు గీకే ముందు రెండు పనులు. ఒకటి, బటర్ పేపరు పెట్టి ఉన్న రాతలన్నీ ట్రేస్ చేసుకోండి. "పొగ త్రాగరాదు", "చేతులు బయట పెట్టరాదు", సీట్ల నంబర్లు, పక్కన కాలేజీ పేరు. ఆ చేతిరాత వంపులు కంప్యూటర్ స్టిక్కర్లలో రావు. రెండు, అసలు రంగు ఏదో తెలుసుకోండి. బీడింగు కింద గానీ నంబరు ప్లేటు వెనక గానీ రూపాయి బిళ్లంత చోట వాటర్ పేపరుతో తడిపి రుద్దితే పొరలు వలయాలుగా తేలతాయి. లోహానికి దగ్గరగా ఉన్నది మొదటిది, అది ప్రైమరు కావచ్చు, దాని మీదిది చూడండి.

ఆ పాత పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గ్రైండరు పెట్టి దుమ్ము లేపకండి, తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. పలచటి రేకు మీద శాండ్ బ్లాస్టింగ్ అసలు వద్దు, రేకు ఉబ్బి వంకర పోతుంది. బయటపడ్డ అల్యూమినియం మీద అదే రోజు ఎచ్ ప్రైమరు (లోహానికి పట్టుకునేలా యాసిడ్ కలిపిన ప్రైమరు) పడాలి, దాని మీద ఎపాక్సీ ప్రైమరు, ఆ తర్వాతే లప్పం. ఎచ్ ప్రైమరు మీద నేరుగా లప్పం పెడితే అందులోని యాసిడ్ వల్ల సరిగా గట్టిపడక తర్వాత ఊడుతుంది. లప్పం మందం రెండు మూడు మిల్లీమీటర్లు దాటిందంటే సొట్ట తీసే పని సగంలో ఆపేశారని అర్థం. పైపూతకు నా ఓటు పాత రకం సింథటిక్ ఎనామెల్‌కే. పీయూ (పాలీయూరిథేన్ పెయింట్) మెరుపు ఎక్కువ రోజులు నిలుస్తుంది, నిజమే, కానీ 1968 బస్సు మీద ఆ మెరుపు అతికినట్టు ఉండదు. పీయూనే కావాలంటే స్ప్రే చేసే మనిషికి బయటి గాలి అందించే మాస్కు ఉండాలి, మూతికి రుమాలు చాలదు. హైదరాబాద్‌లో దసరా దాటాక శివరాత్రి లోపు రంగు వేయించుకుంటే మంచిది. మే ఎండలో థిన్నరు గాల్లోనే ఆవిరై ఉపరితలం గరుకు తేలుతుంది.

కూలీ విషయం ముఖ్యం. ఫ్రేము పని రోజుకూలీకి, రేకు, రంగు పని కాంట్రాక్టుకు ఇవ్వండి. ఫ్రేము కూడా కాంట్రాక్టుకిస్తే కొత్తగా బయటపడే ప్రతి పుచ్చూ మేస్త్రీకి నష్టం, దాన్ని రేకుతో కప్పేయాలనిపించడం సహజం. రోజుకూలీ అయితే దాచాల్సిన అవసరం ఉండదు. చెక్క పనికి బాడీ షెడ్డు మనిషి దొరక్కపోతే తలుపులు, దర్వాజాలు చేసే మంచి వడ్రంగిని పెట్టుకోండి. ఏటవాలు అతుకు అతనికి కొత్త కాదు. మొత్తం ఎంతవుతుందని అడిగారు. పొడిచి చూడకుండా ఎవరైనా అంకె చెబితే ఆ అంకెను నమ్మకండి, నేను చెప్పినా సరే.

కాగితాల గురించి ఒక్క మాట. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటి, సొంతానికి వాడుకునే బండ్ల కోసం. వాటిని టూ వీలర్లను, కార్లను దృష్టిలో పెట్టుకుని రాశారు, బస్సును కాదు. బాడీ రూపం మారితే ఆర్సీలో ఇబ్బంది వేరు. అందుకని పని మొదలుపెట్టకముందే మీ ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి. బస్సు చుట్టూ తీసిన ఇప్పటి ఫొటోలు ఆ అర్జీకి జత చేయండి.

ఈలోగా నాకు నాలుగు ఫొటోలు కావాలి: ముందు తలుపు పిల్లరు పాదం లోపలి వైపు నుంచి, క్యారియర్ కాలు ఒకటి పైనుంచి, వెనక సీటు కింద అడుగు, చాసిస్ మీద క్రాస్ బేరరు కూర్చున్న చోటు. స్క్రూ డ్రైవరు గుచ్చి ఉన్నప్పుడే తీయండి, ఎంత లోతు దిగిందో కనబడాలి.